కునుకు తీసింది కంప్యూటరే

బావా,

ఫ్యాక్టరీ కాటా దగ్గర లారీలు నిలిచిపోతే, బటన్ నొక్కాల్సిన నువ్వు కునుకు తీశావని మెమో ఇచ్చి పన్లోంచి పంపేశారు కదా! నువ్వు కన్నుమూసి ఇవాల్టికి ఏడాది. అదే కంప్యూటర్ మళ్లీ మొరాయిస్తుంటే బాగుచేయడానికి వచ్చింది నీ కూతురు. స్మృతి నగర్‌లో మా ఇంటి నుంచి నేనూ వెంట వచ్చాను. కొత్తదేమీ కొనిపించలేదు. లినక్స్‌లో ముందునుంచీ ఉన్న పెర్ఫ్ అనే పనిముట్టుతో, కంప్యూటర్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ లోపలి కదలికలన్నీ రికార్డు చేసి, చిన్న స్క్రిప్టు రాసి ఏది ఎప్పుడు జరిగిందో వరుసపెట్టింది.

“ఆపరేటరు బటన్ ఎప్పుడో నొక్కీసాడు మావయ్యా. బ్యాకప్ డిస్కుని పట్టీసుకుంటే కాటా ప్రోగ్రాం ఆగిపోతంది. నాన్నేటి చేస్తాడు?”

మేనేజరు నవ్వాడు. “ఇది ఇవాల్టిది భాయ్‌సాబ్, అప్పటిది కాదు.”

“మరి అప్పుడు ఏం కొలిచి మా బావని నిద్రపోతు అన్నారు?”

మెమో తప్పని రాసిచ్చేదాకా లేవనన్నాను. ఆయన ఎదుటి కుర్చీలో కూర్చునే నీకిది రాస్తున్నాను. ఇప్పుడే ప్యూన్‌ని పిలిచి లెటర్‌హెడ్ తెమ్మన్నాడు.