ఒక్క రోజుకని మార్చిన చిరునామా

బోమీ నాన్నా,

లేవగానే వార్డు ఆఫీసుకి వెళ్ళి మీ చిరునామా మళ్ళీ ఈ ఇంటికే మార్పించండి. ఓనరు తలుపు కొడితే తీయకండి.

“ఈ ఇంటి మీద నేను బ్యాంకు లోను తీసుకోవాలి, ఒక్క రోజు మీ అన్నగారింటికి మార్చుకో తమ్ముడూ” అని ఓనరు అనగానే సువన్ ఊరికి మార్చేసుకున్నారా! మన కష్టార్జితమంతా ఈ ఇంటి అద్దె డిపాజిట్టుగా ఆయన దగ్గర ఉంది. దానికి కాపలా ఈ చిరునామాయే. అది తీసేస్తే రేపు ఆయన లోను కట్టక ఇల్లు వేలానికొచ్చినప్పుడు డబ్బంతా ముందు బ్యాంకు పట్టుకుపోతుంది, మనకు మీ మంచితనం మిగులుతుంది. ఇంత తెలివి ఎక్కడ దాచారో!

నా పేరూ బోమీ పేరూ ఇక్కడే ఉన్నాయి కాబట్టి హక్కు పోలేదని వకీలు చెప్పాడు. బతికిపోయారు.

కిమ్చీ పులుసు పొయ్యి మీద ఉంది.

— యన్‌సుక్

తా.క.: కాగితాల ప్రకారం మీరిప్పుడు మా ఇంటికి చుట్టం. అయినా సరే, తిన్న గిన్నె కడగండి.