మచ్చ లేని చీనీకాయలు

మల్లికా, నేను కాయల బండెక్కి పులివెందుల మార్కెట్టుకు పోతాండా. జ్వరంతో ఇప్పుడే నిద్దరపోయినావని లేపల్యా. గంజి కాచి పెట్టినా, తాగి జ్వరం మాత్ర ఏసుకో. పక్కనుండే పసుప్పచ్చది విటమిన్ సి, చప్పరించే మాత్ర. "ఇది వైరల్ జ్వరాన్ని తరుముతాదా?" అని మందులంగడి జనార్దన్‌ను అడిగినా. "ఖాయంగా ఎవురూ చెప్పల్యా మామా. మీ చీనీకాయలో ఉండేదే దీంట్లోనూ ఉంది" అన్నాడు. ఊర్లో జ్వరాలు లేస్తేనే మన కాయకు రేటు లేస్తాది, లేకుంటే అడిగే నాథుడు ల్యాడు!

నాకైతే మన కాయ పనిజేస్తాదేమో చూడాలనుంది. ఆ పసుప్పచ్చ మాత్ర పక్కన పెట్టి, గంపలో కాయల రసం తాగు, ఏమన్నా తేడా తెలిస్తే చెప్పు. "జ్వరంలో పులుపేంది" అని మాయమ్మ అరుస్తాది, ఇననట్టుండు. సాయంత్రానికి జ్వరం దిగకుంటే ఫోన్ చెయ్. కాయలు యాడుంటే ఆడ ఇడిసిపెట్టి వస్తా, ఆస్పత్రికి పోదాం.

మర్సిపోయినా. గంపలో ఉండేవి వ్యాపారి తీసేసిన మచ్చకాయలు కావు, లోడులోంచి నేనే ఏరి తీసినా. అమ్మకానివనుకోని మళ్లా దాచిపెట్టేవు. ఇన్నేండ్లు తోట చేసి, నువ్వు మంచి కాయ తినంగా నేను చూడనే ల్యా.