చెరపని గొంతు

అల్లుడు గారికి,

మీ అత్త రాయునది. ఇన్నాళ్లూ బాబూ అని పిలిచినదాన్ని ఇవాళ గారు అంటున్నాను. ఎందుకో చదివితే తెలుస్తుంది. కోపమొస్తే నాకు మర్యాద నిలవదు, నువ్వు అనే రాసేస్తాను.

పక్కింటి టైలరమ్మ బలవంతపెడితే ఆ కొత్త సినిమాకి వెళ్లాను. ఎప్పుడో రాబోయే కాలమట. ఊరు ఊరంతా ఒకే జైలు. నవ్వాలన్నా, ఏడవాలన్నా గోడలోంచి ఒక ఆడగొంతు ఒప్పుకోవాలి. మొగుడు పోయినావిడ కుమిలిపోతుంటే ఆ గొంతు, "మీ ఏడుపు సమయం అయిపోయింది. దయచేసి పనిలోకి వెళ్లండి" అంది. మెత్తగా, బిడ్డని జోకొట్టినట్టు. అది నా కూతురి గొంతు. నీ పెళ్లాం గొంతు.

హాల్లో ఒకటే కేకలు. "దీని గొంతు పిసికేవాడే లేడా!" అని వెనకాల ఒకడు. "దీని నోరు పడిపోను" అని నా పక్కనావిడ. కూర్చోలేక సగంలోనే లేచి వచ్చేశాను. బస్సెక్కితే అక్కడా అదే. కాలేజీ పిల్లలు ఆ గొంతు పెట్టి, "మీ నవ్వు సమయం అయిపోయింది" అని ఒకళ్లనొకళ్లు ఏడిపించుకుంటున్నారు.

అది బతికినన్నాళ్లూ సినిమాలకి చెప్పింది ట్రాక్ గొంతే కదా. ముందు ఇది చెప్పడం, తర్వాత పేరున్నావిడ వచ్చి దానిమీద చెప్పడం, దీనిది చెరిపేయడం. "నాది చిత్తు గొంతమ్మా" అని నవ్వేది. మరి చెరిపేసే గొంతు, మనిషే పోయాక తెరమీదికి ఎలా వచ్చింది? ఆ డబ్బింగ్ థియేటర్‌లో మాటలు కలిపే మిషను ముందు కూర్చునేది నువ్వు. పోయినవాళ్ల గొంతుతో ఇప్పుడు మిషన్లే మాట్లాడతాయని టైలరమ్మ చెప్పింది. దాని పాత మాటలు మిషనుకి మేపి అమ్ముకున్నావా? ఆదివారం వచ్చి నా దగ్గరున్న మీ పాపను తీసుకెళ్తానన్నావు. రావద్దు. దాని తల్లి గొంతునే అమ్ముకున్నవాడి చేతిలో పిల్లను ఎలా పెట్టను?

మీ అత్త

అల్లుడు గారికి,

మీ జవాబు అందింది. "ఆ మాటలు తనే చెప్పింది అత్తయ్యా, నమ్మండి. అంతకు మించి నన్నడగొద్దు." ఇంతేనా? ఆ సినిమా పని జరిగినప్పుడు అది జబ్బుపడి, ఆసుపత్రికి తప్ప మంచం దిగలేదు. గుక్కెడు నీళ్లు తాగాలన్నా నేను తల ఎత్తి పట్టుకోవాలి. నాకు చదువు లేదు గానీ, నా చెవిలో పువ్వు పెట్టకు. రేపు మీ డబ్బింగ్ థియేటర్‌కే వెళ్తున్నాను. నీకు సెలవని తెలిసే వెళ్తున్నాను.

మీ అత్త

బాబూ,

వెళ్లాను. దీని గొంతుమీద చెప్పే ఆ పేరున్నావిడే ఎదురైంది. నేనెవరో చెప్పగానే కుర్చీ వేయించింది. నా అనుమానం విని నెత్తి కొట్టుకుంది.

"మిషనా, నా మొహమా! ఆ రోజు నేనూ ఇక్కడే ఉన్నానమ్మా. మీ అల్లుడు తనని ఎత్తుకుని మెట్లెక్కాడు. మాట మాటకీ ఆయాసం తీర్చుకుని చెప్పింది. విన్నాక, దీనిమీద నేను చెప్పను, ఇదే ఉంచండి అన్నాను. నా చెయ్యి పట్టుకుని, 'జనం తిట్టుకుంటారా మేడమ్?' అంది. దుమ్మెత్తిపోస్తారే పిల్లా అన్నాను. ఎంత మురిసిపోయిందో!"

సూది వేయించుకొస్తామని వెళ్లింది అక్కడికా ఇద్దరూ! ఆలస్యం చేశావని ఆ రోజు నిన్ను నానా మాటలూ అన్నాను. "మా అమ్మకి తెలిస్తే చంపేస్తుంది, చెప్పొద్దు" అని అది నీ దగ్గర మాట తీసుకుందట. తీసుకున్న మనిషి పోయినా నువ్వు ఆ మాట నిలబెట్టుకునే ఉన్నావు. పెళ్లాం గొంతు అమ్ముకున్నావని నేనన్నా పడ్డావు.

నిన్న మళ్లీ సినిమాకి వెళ్లాను, ఒక్కదాన్నే. ఆ గొంతు వినపడగానే హాలంతా శాపనార్థాలు. నా పిల్ల కోరుకున్నది ఇదే కదా అని చెవులొగ్గి విన్నాను. అంతలో అది "మీ ఏడుపు సమయం అయిపోయింది" అంది. నాకూ ఆగలేదు. "నోర్ముయ్యవే, నాకు చెప్పొచ్చావు!" అని అరిచేశాను. అందరూ నవ్వారు. ఎవరో ఈల వేశారు. అది పోయాక దాన్ని తిట్టడం అదే మొదలు. కడుపారా తిట్టి, కడుపారా ఏడ్చాను.

ఆదివారం రా. పాప బట్టలు సర్ది ఉంచుతాను. దానికి ఆ సినిమా ఇప్పుడే చూపించకు, భయపడుతుంది. కాస్త పెద్దదయ్యాక మనిద్దరం కలిసే తీసుకెళ్దాం.

నీ నోటిదురుసు అత్త