నాలుగులో హీటర్ ఫ్యాన్

డిసెంబరు, ఆదివారం రాత్రి

పొద్దున్నే ఆయన్ని గన్నవరం విమానాశ్రయంలో దింపి వచ్చాను. భువనేశ్వర్‌కి బదిలీ, కనీసం రెండేళ్లు. నా ఉద్యోగం ఇక్కడ కాబట్టి నేను ఇక్కడే.

గుణదలలో ఇంటి నుంచి బయలుదేరేసరికే దట్టమైన పొగమంచు. నేను కారు నడుపుతుంటే ముందు అద్దం లోపలివైపు మసకబారిపోతోంది. ఆయన హీటర్ వేసి ఫ్యాన్ నాలుగుకి తిప్పారు. ఆ వేడిగాలి మొహాన కొడుతుంటే నాకు ఊపిరాడదు. ఒకటికి తగ్గించాను. నిమిషంలో అద్దం మళ్లీ మసక, ఫ్యాన్ మళ్లీ నాలుగు. పదకొండేళ్లుగా ప్రతి చలికాలం ఇదే గొడవ.

"రోడ్డు కనపడాలా వద్దా? ఎంత మొండిదానివే నువ్వు!" అని విసుక్కున్నారు.

అప్పుడే అడిగాను, "నెలకొకసారైనా వస్తారాండీ?" అని.

"ఏంటీ? ఈ ఫ్యాన్ మోతలో ఏం వినపడట్లేదు."

నాకు ఒళ్లు మండింది. "ఏం లేదులెండి" అన్నాను. ఆయన ఫ్యాన్ తగ్గించి మళ్లీ అడగొచ్చు కదా, అడగలేదు. అసలు నిజంగానే వినపడలేదా అని ఇప్పుడు అనుమానం...

తిరిగొచ్చేటప్పటికీ మంచు విడలేదు. పంతం కొద్దీ ఫ్యాన్ ఒకటిలో పెట్టాను. అద్దం మసకబారితే ఆయన మాటే నిజమని ఫోన్‌లో ఒప్పుకుందామనుకున్నాను. మసకబారలేదు. ఫ్యాన్ పూర్తిగా ఆపేశాను. ఇల్లు చేరేదాకా చూస్తూనే ఉన్నాను, అద్దం తేటగానే ఉంది.

మసక పట్టాలంటే ఇద్దరి ఊపిరి కావాలన్నమాట.