ఓడినవాళ్ల కంచరగాడిద

హాలెట్, నెబ్రాస్కా
మే 9, 1994

సెయింట్ విటస్ కాలేజీ ఆటల విభాగం పెద్ద లోవెల్ ప్రిబిల్ గారికి, నదికి ఈవల హాలెట్ కాలేజీలో అదే కుర్చీలో కూర్చున్న ఆర్డిత్ బ్రెక్కె రాసేది.

ఇవాళ పేపర్లో చదివాను. వచ్చే సీజన్ నుంచి మీరు మూడో డివిజన్ వదిలేసి రెండో డివిజన్‌కి వెళుతున్నారట. ఆటగాళ్లకి ఫీజులు మాఫీ చేసి మరీ తెచ్చుకుంటారట. సంతోషం. ముందే చెప్పి ఉంటే ఒక ఆపిల్ పై చేసుకొచ్చేదాన్ని. వంతెనకి ఆ చివర మీరు, ఈ చివర మేము. ఇన్నేళ్ల పరిచయం ఉండి కూడా పేపర్ చూసి తెలుసుకోవాల్సి వచ్చింది.

సరే, అసలు సంగతికి వస్తాను. అక్టోబరు చివరి శనివారం మనకీ మనకీ జరిగే ఫుట్‌బాల్ మ్యాచ్‌లో ఓడినవాళ్లు సెనేటర్‌ని మేపాలని కదా ఆచారం. లోకంలో అందరూ గెలిచినవాళ్లకి వెండి కప్పులిచ్చుకుంటారు. మన పెద్దలు మాత్రం ఓడినవాళ్లకి బతికున్న కంచరగాడిదని ఇచ్చి, దానికి సెనేటర్ అని పేరు కూడా పెట్టారు. మేం ఎనిమిదేళ్లుగా ఓడుతున్నాం, కాబట్టి ఎనిమిదేళ్లుగా అది నా మెడకే గుదిబండ. టై కట్టుకున్న మనిషి కనిపిస్తే చాలు, టైతో మొదలుపెట్టి మనిషి దాకా కొరుక్కుంటూ వస్తుంది. మా ప్రెసిడెంట్ టై కట్టుకోవడం మానేశాడు.

మీరు వెళ్లిపోతే ఇక మ్యాచ్ ఉండదు. మ్యాచ్ లేకపోతే దీన్ని మీకు అంటగట్టే దారేది? మరో రెండేళ్లలో నేను రిటైరవుతాను. ఓపిక అయిపోయింది లోవెల్ గారూ. పోయేముందు తోలుకుపోండి.

ఇట్లు,
ఒళ్లంతా ఎండుగడ్డితో,
ఆర్డిత్ బ్రెక్కె

తా.క. ఆపిల్ పై చేశాను. మేమే తినేశాం.


సెయింట్ విటస్ కాలేజీ
జూన్ 2, 1994

గౌరవనీయులైన ఆర్డిత్ గారికి,

పైకి వెళ్లాలని నేనేం ఉబలాటపడలేదు. మా కొత్త ప్రెసిడెంట్ చిన్నవాడు. "పైకి పోకపోతే కిందకి పోతాం లోవెల్" అన్నాడు. నాకు అరవై రెండు. నా మోకాళ్లు పైకీ పోవు, కిందకీ పోవు. ఆ మాట అతనికి చెప్పలేదు.

సెనేటర్ సంగతి. తర్వాతి మ్యాచ్ జరిగేదాకా ఓడినవాళ్లే మేపాలని ఆచారం. తర్వాతి మ్యాచ్ లేదు. కాబట్టి అది జరిగేదాకా మీరే మేపాలి. ఇది నేను పెట్టిన నియమం కాదు, నన్ను తిట్టి లాభం లేదు.

ఇట్లు,
అలసటతో,
లోవెల్ ప్రిబిల్

తా.క. దేవుడి దయవల్ల దాని మొహం చూసి ఎనిమిదేళ్లయింది. నేను అడిగానని మాత్రం దానికి చెప్పకండి.


హాలెట్
అక్టోబరు 24, 1994

నియమాలు తెలిసిన లోవెల్ గారికి,

ఇది మ్యాచ్ వారం. మ్యాచ్ లేదు గానీ వారం మాత్రం వచ్చింది. ఏటా ఈ వారంలో మీ పిల్లలు సెనేటర్‌ని ఎత్తుకుపోవడానికి రావడం, అది వాళ్లని కరిచి తరమడం మామూలే కదా. ఈసారి ఆ శ్రమ లేకుండా చేస్తున్నాను. గురువారం కొట్టం గేటుకి తాళం వేయను. కాపలా కూడా ఉండదు. ఓట్స్ బస్తా గుమ్మంలోనే పెడతాను. వచ్చి దొంగతనం చేసుకుని వెళ్లండి. పోలీసులకి చెప్పను. ఎవరైనా అడిగితే ఘోరం జరిగిపోయిందని గుండెలు కూడా బాదుకుంటాను.

ఇట్లు,
గేటు దగ్గర,
ఆర్డిత్

తా.క. పిల్లల్ని టైలు కట్టుకోకుండా పంపండి.


సెయింట్ విటస్ కాలేజీ
నవంబరు 1, 1994

ఆర్డిత్ గారికి,

1971లో కూడా మీ గేటుకి తాళం లేదు. లోపలికెళ్లిన మా ఆరుగురికీ బయట గొళ్లెం పెట్టి, పొద్దున్నే మీ కాలేజీ ఊదారంగు పూసి పంపించారు. అందులో ఒకడు ఇప్పుడు మా చర్చి పాస్టరు. అందుకని గురువారం మా వాళ్లనెవరినీ నది దాటనివ్వలేదు. పైగా ఆ సందులో మీ వాళ్లొచ్చి ఎత్తుకుపోతారేమోనని మా స్థాపకుడి విగ్రహానికి కాపలా రెట్టింపు చేశాను. మీ ఎత్తు పారలేదు.

నిజం చెప్పాలంటే ఆపనక్కర్లేకపోయింది. మా పిల్లలకి దొంగతనం మీద మనసు పోయింది. రెండో డివిజన్ అనగానే మాకొక నియమాల అధికారిణి వచ్చింది. పొరుగు కాలేజీ పశువుని ముట్టుకోవాలన్నా ముందు ఆవిడకి అర్జీ పెట్టాలి. అర్జీ పెట్టి చేసే దొంగతనంలో ఏం మజా ఉంటుంది?

ఇంతవరకు ఆడినవన్నీ ఓడాం. నా దిగులు ఓడినందుకు కాదు. తొమ్మిది గంటలు బస్సులో కూలబడి వెళితే అక్కడివాళ్లు మమ్మల్ని తిట్టనైనా తిట్టరు. "సెయింట్ విటసా? అదెక్కడండీ?" అని మర్యాదగా అడుగుతారు. మీ గ్యాలరీలో డోరిస్ అనే ఆవిడ నన్ను చూసినప్పుడల్లా "ఒరేయ్ బంగాళాదుంపా!" అని అరిచేది కదా. ఆవిడ గొంతు బాగానే ఉందా?

ఇట్లు,
పై మెట్టు మీద ఒంటరిగా,
లోవెల్

తా.క. ఆవిడని అడిగానని చెప్పకండి. చెప్పినా ఫరవాలేదు.


హాలెట్
జనవరి 17, 1995

లోవెల్ గారికి,

డోరిస్ గొంతుకేం, నిక్షేపంలా ఉంది. అరవడానికి మీరు లేక ఆదివారం చర్చిలో కాఫీ పోసే ముసలాయన మీద అరుస్తోంది. ఆయన చర్చి మారిపోయేలా ఉన్నాడు.

మీకొక విషయం తెలియజేయాలి. తెలియజేయడమే, అంతకంటే ఏం లేదు. "మ్యాచే లేనప్పుడు ఈ జంతువెందుకు ఆర్డిత్, ఏప్రిల్లో పశువుల వేలానికి పంపేయ్" అన్నాడు మా ప్రెసిడెంట్. సెనేటర్ రెండు కాలేజీల ఉమ్మడి సొత్తు కాబట్టి మీ సంతకం కూడా కావాలట. కాగితం జతచేశాను. మీరు అభ్యంతరం చెబితే నేను మాత్రం ఏం చేయగలను? వేలం ఆగిపోతుంది. నా వంతు నేను చెప్పాను.

ఇట్లు,
ఆర్డిత్

తా.క. పోయిన వారం వాడికి కడుపునొప్పి వచ్చింది. మూడు రోజులు గడ్డిలో వాడి పక్కనే కూర్చున్నాను. వేరే ఎవరూ దొరక్క కూర్చున్నాను, అంతే. గడ్డి ఇచ్చే ఓర్విల్ గారు వచ్చి మందు పట్టారు. ఆయన దగ్గర కూడా ఒక కంచరగాడిద ఉంది, పేరు క్లారెన్స్. చర్చి ఊరేగింపులో పిల్లల్ని ఎక్కించుకుని నడుస్తుంది. ఎంత సాధుజంతువో! చూస్తే విసుగేస్తుంది.


సెయింట్ విటస్ కాలేజీ
జనవరి 23, 1995

ప్రియమైన ఆర్డిత్ గారికి,

శుభాకాంక్షలు! ఇన్నాళ్లకి మీ కష్టం గట్టెక్కింది. కాగితం అందిన గంటలో సంతకం పెట్టాను. మా ప్రెసిడెంట్ చేత కూడా పెట్టించాను. టపాలో ఆలస్యమవుతుందని మంచులో కారు నడుపుకుంటూ వచ్చి మీ ఆఫీసులో స్వయంగా ఇచ్చాను. మీరు కొట్టంలో ఉన్నారన్నారు. ఇక ఆ బాధ ఎన్నాళ్లు లెండి!

ఇట్లు,
మీ మేలు కోరే,
లోవెల్

తా.క. ముసలి పశువుల్ని వేలంలో ఎలాంటివాళ్లు కొంటారో మీకు తెలుసు కదా. కాబట్టి తిరిగొస్తుందన్న బెంగ కూడా అక్కర్లేదు.


హాలెట్
జనవరి 25, 1995

లోవెల్ ప్రిబిల్‌కి,

సంతకం పెట్టావా? అదీ గంటలో? మంచులో పరిగెత్తుకొచ్చి మరీ ఇచ్చి వెళ్లావా? ఇన్నేళ్లుగా డోరిస్ నీ మీద అరుస్తుంటే ఆవిడకి నోరు ఎక్కువని సర్దిచెబుతూ వచ్చాను. ఆవిడ అన్నది అక్షరాలా నిజం. నువ్వు బంగాళాదుంపవే.

ఇకమీదట నాకు ఉత్తరం రాయొద్దు.

ఆర్డిత్ బ్రెక్కె

తా.క. రాస్తే అభ్యంతరం ఉందని రాయి.


సెయింట్ విటస్ కాలేజీ
మార్చి 6, 1995

ఆర్డిత్ గారికి, భయపడుతూనే రాస్తున్నది,

మీ కోపం నాకు బొత్తిగా అర్థం కాలేదు. మా ఆవిడ వ్లాస్టా చేత మీ ఉత్తరాలన్నీ చదివించాను. చదివి, "మీకు అర్థం కాకపోవడంలో వింతేముంది" అని కొలాచీ తీపి రొట్టెలు చేసుకోవడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది. విషయం మాత్రం చెప్పలేదు.

నాకు తోచినంతవరకు సంగతి ఇది. మీకు సెనేటర్‌ని అమ్మి వదిలించుకోవడం ఇష్టం లేదు. మమ్మల్ని ఓడించి, పగ్గం నా చేతిలో పెట్టి వదిలించుకోవాలని ఉంది. రిటైరయ్యేలోపు అది మీ ముచ్చట. న్యాయమే కదా. అందుకని నెలరోజులు మా ప్రెసిడెంట్ ప్రాణం తీసి ఒప్పించాను. అక్టోబరు 28, మీ మైదానం. మీరు కింది డివిజన్ కాబట్టి ఆ మ్యాచ్ మా లెక్కలోకి రాదని నియమాల అధికారిణి ముద్ర వేసి ఇచ్చింది. ఈ ఒక్కసారికేనని ప్రెసిడెంట్ షరతు. మ్యాచ్ ఉంది గనక వేలం మానుకోమని మీ వాళ్లకీ రాశాను. నా అభ్యంతరం ఇందులో జతచేశాను.

ఇట్లు,
బంగాళాదుంప

తా.క. మా ఫీజు మాఫీ కుర్రాళ్లు తలుపులో పట్టనంత ఉంటారు. చూసీచూడనట్టు ఆడమని వాళ్లకి చెప్పను. మీరు కూడా ఒప్పుకోరు.


హాలెట్
మార్చి 8, 1995

లోవెల్ గారికి,

వస్తాం. మా మైదానమే కాబట్టి వచ్చేది మీరే. రండి.

ఆర్డిత్

తా.క. వ్లాస్టాకి నా నమస్కారాలు. మీ ఆటల విభాగం ఆవిడ చేతిలో పెట్టి ఉంటే బాగుండేది.


సెయింట్ విటస్ కాలేజీ
నవంబరు 6, 1995

ప్రియమైన ఆర్డిత్ గారికి,

మూడు పాయింట్ల తేడాతో ఓడాం. ఆ మూడింటి కోసం మీ సన్నటి కుర్రాడు చివర్లో తన్నిన బంతి గోలుకర్రకి తగిలి, కాసేపు ఆలోచించుకుని మరీ లోపలికి పడింది. డోరిస్ లేచి నిలబడి "ఒరేయ్ బంగాళాదుంపా, ఇంటికి పో!" అంది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు సీజన్లలో నన్ను పలకరించిన మొదటి మనిషి ఆవిడే.

వంతెన మధ్యలో పగ్గం నా చేతిలో పెట్టినప్పుడు మీరు ఏడుస్తున్నారు. గెలిచిన సంతోషమని మావాళ్లన్నారు. వ్లాస్టా మాత్రం "ఇప్పటికైనా అర్థమైందా?" అని అడిగింది. అర్థమైంది ఆర్డిత్ గారూ. ఎంత పొరపాటు చేశాను! మీరు వదిలించుకోవాలని చూస్తున్నారనుకుని మీ ప్రాణాన్ని లాక్కొచ్చేశాను.

ఇక్కడ సెనేటర్ బెంగపెట్టుకున్నాడు. పరీక్ష చేద్దామని మొదటిరోజు టై కట్టుకుని వెళ్లాను. కొరకలేదు. వాసన చూసి నా భుజం మీద తలపెట్టాడు. కరిచే ఓపిక కూడా లేనంత దిగులు. సాయంత్రమైతే చాలు, వంతెన వైపు తిరిగి మీ ఊరే చూస్తూ నిలబడతాడు. నావల్ల కావడం లేదు.

ఈ గురువారం మా గేటుకి తాళం వేయను. కాపలా ఉండదు. ఓట్స్ బస్తా గుమ్మంలో ఉంటుంది. మీ పిల్లల్ని పంపండి. మూడో డివిజన్‌లో ఇంకా దొంగతనానికి మర్యాద ఉంది.

ఇట్లు,
లోవెల్

తా.క. ఇది 1971కి ప్రతీకారం కాదు, ఒట్టు.


హాలెట్
నవంబరు 8, 1995

ప్రియమైన లోవెల్ గారికి,

మీ ఉత్తరం చదివి కొట్టంలో కూర్చుని నవ్వాను, తర్వాత ఏడ్చాను. సెనేటర్ నా కోటు గుండీ కొరుకుతూ పక్కనే నిలబడ్డాడు.

మీ భుజం మీద తలపెట్టింది ఓర్విల్ గారి క్లారెన్స్. మ్యాచ్ ముందు రోజే మార్చేశాను. ఎనిమిదేళ్లు వరసగా గెలిచినవాళ్లకి దాని మొహం ఏం గుర్తుంటుంది? ముందు రోజే మార్చానంటే ఇంకో సంగతి కూడా గమనించండి. ఇన్నేళ్లలో మొదటిసారి మావాళ్లు గెలుస్తారని నమ్మాను. ఆ తలుపుల్లో పట్టని కుర్రాళ్లని చూశాక కూడా నమ్మాను.

క్లారెన్స్‌కి బెంగా లేదు, దిగులూ లేదు. ఓర్విల్ పొలం ఇటువైపు ఉంది, ఆయన సాయంత్రం ఓట్స్ పెడతాడు. మీరూ ఆ వేళకే పెట్టండి, చూడటం మానేస్తుంది.

మరి వంతెన మీద ఎందుకు ఏడ్చానంటారా? సెనేటర్ కోసం కాదు, వాడు నా దగ్గరే ఉన్నాడు. నాకు మళ్లీ అక్టోబరు లేదనుకున్నాను. ఇన్నేళ్లు మిమ్మల్ని ఓడించాలని చూసి, ఓడించిన రోజునే మీరు మళ్లీ రారని తలుచుకుంటే దుఃఖం ఆగలేదు. గెలుపు ఇంత నీరసంగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు.

కానీ తర్వాతి మ్యాచ్ జరిగేదాకా ఓడినవాళ్లే మేపాలి. మీరే రాశారు, ఆ ఉత్తరం నా దగ్గరుంది. ఓర్విల్‌ని అడిగితే "ఎన్నాళ్లయినా మేపుకోమను, గడ్డి మిగులుతుంది" అన్నాడు. కాబట్టి మీ ప్రెసిడెంట్‌తో చెప్పండి, అక్టోబరులో మ్యాచ్ లేకపోతే ఆయన ఉన్నంతకాలం ఆ కంచరగాడిద మీదే. మీ లెక్కలోకి రాకపోతే పోనీ, మేం లెక్కపెట్టుకుంటాం. అప్పటికి నేను రిటైరై, డోరిస్ పక్కన కూర్చుని ఉంటాను. ఆవిడ నాకు అరవడం నేర్పుతానంది.

ఇట్లు,
మీ ప్రత్యర్థి,
ఆర్డిత్

తా.క. గురువారం గేటుకి తాళం వేసుకోండి, రెండు వేసినా మంచిదే. సంగతి నాకూ ఓర్విల్‌కీ తప్ప ఎవరికీ తెలియదు, మా పిల్లలేమో సెనేటర్‌ని విడిపిస్తామని తాళ్లూ నిచ్చెనలూ సర్దుకుంటున్నారు. వాళ్లు గానీ నెగ్గుకొస్తే నేను రెండింటినీ మేపాల్సి వస్తుంది.