దొరసాని రెండు గొంతులు

ప్రియమైన రేడియోల డాక్టరు గారికి,

ఇక్కడ అందరం క్షేమం. మీరు వేళకు తింటున్నారంటే నమ్మను గానీ, నమ్మినట్టు నటిస్తాను.

మా వ్యాను డ్రైవరు చేతికిచ్చి ఒక చిలకను పంపుతున్నాను. పేరు దొరసాని. దీన్ని ఒక పెద్దావిడ పెంచుకుంది. ఆ ఇంట్లో ఆవిడా, మేనల్లుడూ ఉండేవాళ్ళు. అతను ఊళ్ళో లేనప్పుడు ఆవిడ నిద్రలోనే పోయిందట. తిరిగొచ్చాక అతను కబురు చేస్తే నేనే వెళ్ళి వెనక గదిలోంచి దీన్ని తెచ్చాను. పంజరంలో గింజ లేదు, నీటి చుక్క లేదు. ఎలా బతికిందో!

మా జంతువుల ఆశ్రయంలో పక్షులు ఇంకా టార్పాలిన్ కిందే ఉన్నాయి. మొన్నటి వానకు పావురాలు కొన్ని తెల్లారేసరికి బిగుసుకుపోయి కనిపించాయి. మిగిలినవాటికో పైకప్పు కోసం ఇల్లిల్లూ తిరిగి చందాలు అడుగుతున్నాను. అందాకా దొరసానిని మీరు దత్తత తీసుకోండి. వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క పలుకూ లేదు. మీరూ మాట్లాడరు కనుక జోడీ కుదిరింది.

అన్నట్టు, కొట్టు తలుపు గడియ బాగుచేయించారా? "రేపు చేయిస్తాలే" అని రాశారో, ఊరుకోను.

మీ ఇంటావిడ

*

నా జంతులోకపు మహారాణికి,

గడియ సంగతి రేపు చూస్తాలే. ముందు ఇది విను.

దొరసాని మూగది కాదు. మధ్యాహ్నం కొట్లో ఎవరూ లేరు. టక్ టక్‌మని చప్పుడైతే లేచి తలుపు తీశాను. వీధిలో నరపురుగు లేదు. వెనక్కి తిరిగేసరికి మళ్ళీ టక్ టక్. చిలక ముక్కుతో పంజరం కమ్మీని కొడుతోంది. తర్వాత ఒక ముసలావిడ గొంతు, అచ్చం నా వెనకే నిలబడినట్టు, "తలుపు తియ్యి నాయనా. దాహంగా ఉంది" అంది.

నా చేతిలోంచి స్క్రూడ్రైవరు జారిపోయింది. అంతలో అదే చిలక, మగ గొంతుతో, తీరిగ్గా జవాబు చెప్పుకుంది. "రేపు తీస్తాలే. అరవకు."

ఏమిటిది? ఆ పెద్దావిడ నిద్రలో పోయిందనే కదా రాశావు?

నీ బద్ధకస్తుడు

*

ప్రియమైన బద్ధకస్తుడికి,

చదివి పడీపడీ నవ్వాను. "రేపు తీస్తాలే" ఎవరి మాటండీ? పాతికేళ్ళుగా నేను వింటున్నదేగా! మీ ఊతపదం అంత తొందరగా పట్టేసిందంటే ఎన్నిసార్లు అనుంటారో. ముసలావిడ గొంతంటారా, పాపం అది తన యజమానిని తలుచుకుంటోంది.

అసలు కబురు చెబుతాను, కూర్చుని చదవండి. ఆ మేనల్లుడు అత్త జ్ఞాపకంగా ఆ ఇంటిని మన ఆశ్రయానికి రాసిస్తానన్నాడు! గోడలు, కప్పు, వెనక పెరడు! ఎంత మంచి మనిషో! విరాళాల సభలో తాళంచెవులు ఇస్తాడు. కాపాడిన జీవాన్నీ, దాని తాలూకు మనిషినీ ఒకే వేదిక మీద నిలబెట్టడం మా పద్ధతి కదా. చూసినవాళ్ళు ఇంకో పది రూపాయలు ఎక్కువ వేస్తారు. అందుకని దొరసానిని డ్రైవరుతో పంపండి. వీలైతే మీరూ రండి.

సంతోషం పట్టలేని మీ ఇంటావిడ

*

ప్రియమైన నీకు,

ఈసారి హాస్యాలు లేవు. ఆ గొంతు నాది కాదు. టేప్‌రికార్డరు పెట్టి మళ్ళీ మళ్ళీ విన్నాను.

అది మాట్లాడే వరస ఎప్పుడూ ఒకటే. ఆవిడ మొదటి పిలుపు గట్టిగా ఉంటుంది. తర్వాతి పిలుపు బతిమాలినట్టు. పోనుపోనూ గొణుగుడు. చివర్లో మాటలుండవు. చెక్కను గోళ్ళతో గీకుతున్న చప్పుడు మాత్రం ఉంటుంది. మగ గొంతు మాత్రం మొదట ఎంత తీరిగ్గా ఉందో చివరా అంతే. నిన్న కొట్టుకు తాళం వేస్తుంటే, ఆ తాళంచెవుల చప్పుడుకే దొరసాని మూలకు ఒదిగిపోయి వణికింది.

ఆ మేనల్లుడి గొంతు నేనెప్పుడూ వినలేదు, నువ్వు విన్నావు. సభకు ముందే పంజరం పక్కన కూర్చుని ఒక్కసారి విను. ఆ తర్వాతే తాళంచెవులు తీసుకో. నాకు భయంగా ఉంది. చేతిలో పని ముగించి రేపు బయల్దేరతాను.

నీ వాడు

*

ఏమండీ,

డ్రైవరు దొరసానినీ మీ ఉత్తరాన్నీ తెచ్చి ఇచ్చేసరికి జనం వచ్చేశారు. చదవకుండా సంచిలో పడేశాను. నన్ను క్షమించండి.

ఆ మేనల్లుడుగారు మైకు ముందు నిలబడి కాగితం చూసి చదువుతున్నాడు. "మా అత్తే నాకు అమ్మ" అని కళ్ళు తుడుచుకున్నాడు. పక్కనే నేను పంజరం పట్టుకుని నిలబడ్డాను. ఆయన జేబులోంచి తాళంచెవులు తీశాడు. గలగలమన్నాయి. దొరసాని ముడుచుకుపోయి కమ్మీని కొట్టింది.

"తలుపు తియ్యి నాయనా. దాహంగా ఉంది."

ముందు వరుసలో పిల్లలు నవ్వారు. ఆయన కాగితం మీంచి తల కూడా ఎత్తలేదు.

"రేపు తీస్తాలే అత్తా, అరవకు" అన్నాడు.

చిలక కాదండీ. ఆయనే అన్నాడు. అలవాటైన మాట కాబోలు, నోరు దానంతటదే అనేసింది. మైకులో సభంతా వినిపించింది. ఊళ్ళో లేనన్న మనిషి ఆ తలుపు బయటే ఉన్నాడన్నమాట.

ఆయన మొహం పాలిపోయింది. దొరసాని మాత్రం ఆగలేదు. పిలుపు వెనక పిలుపు, చివరికి ఆ గీకుడు. మైకు కట్టేయాలని ఎవరికీ తోచలేదు. పోలీసులు వచ్చేదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

తాళంచెవులు నేను ముట్టుకోలేదు. మబ్బు పట్టింది, నా పక్షులు ఇంకా టార్పాలిన్ కిందే ఉన్నాయి. రేపటి నుంచి మళ్ళీ ఇల్లిల్లూ తిరగాలి. తిరుగుతాను.

దొరసాని నా బల్ల మీద ఉంది. పంజరం తలుపు బార్లా తీశాను, బయటికి రావడం లేదు. ఆ పెద్దావిడ గొంతు ఇక వినిపించడం లేదు. మగ గొంతు ఒక్కటే మిగిలింది. నేను రాస్తున్నంతసేపూ నా చెవి పక్కనే, తీరిగ్గా, రేపు తీస్తాలే అంటోంది.

మీరు రేపు బయల్దేరతానన్నారు. రేపు వద్దండీ. ఈ ఉత్తరం అందగానే, చేతిలో పని చేతిలోనే వదిలేసి వచ్చేయండి.

తలుపు తీసే ఉంచిన
మీ ఇంటావిడ