పొరకు పెట్టిన బొట్టు

క్లేటన్,
ఆదివారం

అన్నయ్యకు నమస్కారాలు.

నువ్వు, వదిన, పిల్లలు కులాసాగా ఉన్నారని తలుస్తాను. అమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను, వేళకే తింటున్నాను. మీకు శరదృతువైతే ఇక్కడ పేరుకే వసంతం. పొద్దున స్వెటరు, మధ్యాహ్నం గొడుగు, సాయంత్రం ఎండ.

నీ వాటర్ ప్లాంట్‌లో నీళ్లు వడకట్టే మెంబ్రేన్ పొర పూడిపోతే యాసిడ్‌తో కడుగుతావు కదా. నేను చేస్తున్నది కరెంటు పారే పొర. పూడినప్పుడు కాస్త కరెంటు ఇస్తే పట్టిన మురికిని తనే వదిలించుకోవాలి. మొన్న శుక్రవారం దాని మీదే నాకు పీహెచ్‌డీ రివ్యూ జరిగింది. అందులో నెగ్గితేనే ఇంకో రెండేళ్లు చదవనిస్తారు. చేతిలో ఉన్న పొర ఒక్కటే.

ముందురోజు దసరా. నువ్వు మోటార్లకు బొట్లు పెట్టడం గుర్తొచ్చి, ల్యాబ్‌లో ఆ పొర బిగించిన నా మిషన్‌కు నేనూ పసుపు కుంకుమ పెడుతున్నాను. పక్క ల్యాబ్‌లో చదివే వరంగల్ పిల్ల స్వప్న తలుపు దగ్గరే ఆగిపోయింది.

"యూనివర్సిటీ ల్యాబ్‌ల పూజేందే? సేఫ్టీవాళ్లు జూస్తే బయటికి తోల్తరు."

ఉలిక్కిపడి చేతిలోని కుంకుమ భరిణె మిషన్ నీళ్ల ట్యాంకులో ఒలకబోసేశాను. గంటలో పొర ఎర్రగా పూడిపోయింది, చుక్క నీరు దిగలేదు. కూర్చుని ఏడ్చాను. ఆ పూట మీరెవరూ దగ్గర లేరని చాలా బాధేసింది.

మా ప్రొఫెసర్ హెలెన్‌తో పంపు పాడైందని చెబుదామనుకున్నాను కానీ నోరు రాలేదు. జరిగింది చెప్పేశాను. ఆవిడ ట్యాంకులోకి తొంగిచూసి, "కడగొద్దు. కరెంటు ఇవ్వు. ఈ మాత్రం వదిలించుకోలేని పొర మనకెందుకు?" అంది.

స్విచ్ వేశాను. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత పట్టిన కుంకుమ పెళ్లలుగా లేచిపోయింది, గొట్టంలోంచి తేటనీళ్లు వచ్చాయి. స్వప్న నాకంటే ఎక్కువ గంతులేసింది.

రివ్యూలో ఒక పెద్దాయన, "గురువారం నీళ్లు దిగే రీడింగ్ ఒక్కసారిగా పడిపోయిందేం?" అని అడిగాడు. కుంకుమ సంగతి, నీ మోటార్ల సంగతి దాచకుండా చెప్పాను. అందరూ నవ్వారు. ఆయన మాత్రం, "మరి మీ అన్నగారి ప్లాంట్‌లో ఇది పనిచేస్తుందా?" అన్నాడు.

"ఇంకా తెలియదండీ. అది తేల్చడానికే రెండేళ్లు అడుగుతున్నాను," అన్నాను.

ఇచ్చారు అన్నయ్యా.

నువ్వు తీసేసిన మెంబ్రేన్ ఒకటి పారేయకుండా ఉంచు, సెలవులకు వచ్చినప్పుడు అది ఏం పట్టి పూడిందో కోసి చూస్తాను. అమ్మకు నా పాదనమస్కారాలు, వదినకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. ఇంకో రెండు దసరాలు మీకు దూరంగా గడపాలి. దిగులు పడకుండా ఉండమని దీవించు.

నీ చెల్లెలు,
సుజాత